సోడా మోతాదు: అబిడ్స్, నాంపల్లిలో ఒక పానీయం చరిత్ర

హైదరాబాదుకు సోడా మొదట ఆరోగ్యం కోసం తాగే నీరుగానే వచ్చింది. 19వ శతాబ్దిలో కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీలోను, సికింద్రాబాద్ కంటోన్మెంటులోను ఉన్న తెల్ల అధికారులకు, సైనికులకు బావినీళ్లంటే భయం. కలరా, టైఫాయిడ్, విరేచనాలు నీటి ద్వారానే వస్తున్నాయని వైద్యులు గట్టిగా చెప్పడం మొదలైన కాలమది. మూతి బిగించిన సీసాలో, గ్యాసు నింపి వచ్చే నీరు వాళ్లకు నమ్మకమైన నీరుగా కనిపించింది. ఆ నమ్మకంలో కొంత నిజం ఉంది. బొగ్గుపులుసు వాయువు నీటిలో కరిగితే నీరు కాస్త ఆమ్లంగా మారుతుంది, కలరా క్రిమి ఆమ్లంలో ఎక్కువసేపు బతకదు. అంతకంటే పెద్ద కారణం మరొకటి ఉంది. సీసాలోకి చేరిన నీరు దారిలో మరొకరి చెయ్యి, కుండ, చెంబు తగలకుండా తాగేవాడి దగ్గరికి వచ్చేది. నగరానికి కొళాయి నీటి భరోసా 1908 మూసీ వరద తరువాత, 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాక గాని రాలేదు. అప్పటిదాకా డబ్బున్నవాడికి సోడా అంటే విలాసం, జాగ్రత్త రెండూ.

ఈ నీటికి వైద్యపు పేరు పుట్టుకతోనే ఉంది. ఇంగ్లండులోని లీడ్స్‌లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ 1767లో బీరు పులిసే తొట్టె మీద నీటిపాత్ర పెట్టి, పైకి వచ్చే వాయువును నీటిలో కరిగించాడు. ఆ పద్ధతిని 1772లో పుస్తకంగా వెలువరించాడు. ఓడల్లో నెలల తరబడి తిరిగే నావికులకు వచ్చే స్కర్వీ వ్యాధికి ఈ నీరు మందు కావచ్చని ఆయన ఆశ. అది తప్పుడు ఆశ. స్కర్వీకి కావలసింది విటమిన్ సి, సోడాలో అది లేదు. అయినా ఐరోపాలోని ఊటనీళ్లకు ఉన్న గౌరవం ఈ కృత్రిమ నీటికీ దక్కింది. జెనీవాలో యాకోబ్ ష్వెప్ 1783లో దీన్ని వ్యాపారంగా పెట్టాడు, తరువాత లండన్ చేరాడు. అజీర్తికి, మూత్రంలో రాళ్లకు, కీళ్లవాపుకు సోడా పనిచేస్తుందన్న ప్రచారం దుకాణాలతో పాటే ప్రపంచమంతా తిరిగింది. అజీర్తి సంగతిలో ఆ మాట నాంపల్లి సోడా బండి దగ్గర నేటికీ చెల్లుబాటవుతోంది.

తొలినాళ్ల సోడాలో అసలు ప్రమాదం వేరే చోట ఉండేది. అప్పట్లో వాయువును సుద్ద మీద గంధకామ్లం పోసి అక్కడికక్కడే తయారుచేసేవారు. యంత్రంలో రాగి పాత్రలు, సీసపు గొట్టాలు ఉండేవి. ఆమ్లగుణం ఉన్న నీరు ఆ లోహాలను కొంచెం కొంచెంగా కరిగించుకుని సీసాలోకి చేర్చేది. సోడానీటిలో సీసం కనిపించడం 19వ శతాబ్దపు ఆహార పరీక్షకులకు తెలిసిన ఫిర్యాదు. ద్రవరూపంలో ఒత్తిడి పెట్టిన వాయువు సిలిండర్లలో దొరకడం మొదలయ్యాక ఆ బెడద తగ్గింది. సిలిండరు వచ్చాక సోడా తయారీ పెద్ద కార్ఖానా చేతిలోంచి చిన్న దుకాణదారు చేతికి దిగింది. ఒక సిలిండరు, చేత్తో తిప్పే ఒక యంత్రం, కొన్ని డజన్ల బుడ్లు ఉంటే వ్యాపారం నడిచేది.

ఆ బుడ్డి గురించి వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే సోడా ఆరోగ్య చరిత్రలో దాని పాత్ర చిన్నది కాదు. దానికి ముందు సోడాకు వాడినవి అడుగు గుండ్రంగా, కోడిగుడ్డు ఆకారంలో ఉండే సీసాలు. వాటిని నిలబెట్టడం కుదరదు, పడుకోబెట్టే ఉంచాలి. అలా ఉంటేనే కార్కు బిరడా తడిగా ఉండి గ్యాసు బయటికి పోదు. లండన్‌కు చెందిన హిరమ్ కాడ్ అనే ఇంజనీరు బిరడా అవసరమే లేని సీసాకు 1872లో పేటెంటు పొందాడు. సీసా మెడలో ఒక గాజు గోళీ, మూతి లోపల ఒక రబ్బరు ఉంగరం ఉంటాయి. సీసాను తలకిందులుగా యంత్రంలో పెట్టి నీరు, గ్యాసు నింపితే గోళీ జారి రబ్బరు మీద కూర్చుంటుంది. లోపలి ఒత్తిడే దాన్ని అక్కడ బిగించి పట్టుకుంటుంది. తాగేటప్పుడు చెక్కబిళ్లతోనో బొటనవేలితోనో గోళీని లోపలికి నొక్కితే టప్‌మని శబ్దం చేస్తూ కిందికి పడుతుంది. వంచినప్పుడు గోళీ మళ్లీ మూతికి అడ్డం పడకుండా మెడలో రెండు నొక్కులు దాన్ని ఆపుతాయి. 1892లో అమెరికాలో విలియం పెయింటర్ చేసిన లోహపు మూత ఐరోపాలోను, అమెరికాలోను ఈ సీసాను మూలకు నెట్టింది. జపాన్‌లో రామునే పేరుతోను, భారతదేశంలో గోళీసోడాగాను అది నిలిచింది. మూత కొనక్కర్లేదు, పారేయాల్సింది ఏదీ లేదు. ఒక్కో బుడ్డి ఏళ్ల తరబడి తిరుగుతుంది. పేద నగరానికి ఇది సరిపోయిన వస్తువు.

అబిడ్స్, నాంపల్లి రూపుదిద్దుకున్నది కూడా సుమారుగా ఆ కాలంలోనే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర పనిచేసిన ఆర్మీనియా యూదుడు ఆల్బర్ట్ ఆబిద్ నడిపిన దుకాణం పేరే ఆ ప్రాంతానికి స్థిరపడింది. నాంపల్లి రైల్వే స్టేషను 1907లో వచ్చింది. దానికి కాస్త దూరంలోని బాగ్-ఎ-ఆమ్, అంటే పబ్లిక్ గార్డెన్స్, అప్పటికే నగరవాసుల షికారు చోటు. యూసుఫైన్ దర్గాకు వచ్చే జనం, రైలు దిగే ప్రయాణికులు, కచేరీ పనుల మీద వచ్చేవారు నాంపల్లి వీధిని రోజంతా నింపేవారు. 1935లో ఏడో నిజాం రెండో కుమారుడు మొజంజా పేరిట మొజంజాహీ మార్కెట్ కట్టారు. పండ్లు, ఐస్‌క్రీము, చల్లటి పానీయాలకు అది నగరం మొత్తానికి అడ్డా అయింది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో సుమారు వంద దుకాణాలతో మొదలైన నుమాయిష్ 1946లో ఇప్పటి ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. ఏటా జనవరిలో మొదలై నెలన్నర పాటు సాగే ఈ ప్రదర్శనకు ఊరంతా తరలివస్తుంది.

అబిడ్స్ వైపు సినిమా హాళ్లు వచ్చాయి. జమ్రుద్ మహల్, ప్యాలెస్, సాగర్ టాకీసులు, తరువాత ఎన్.టి. రామారావు కట్టించిన రామకృష్ణ థియేటర్లు ఒక్కో ఆట వదిలినప్పుడు వందల మందిని రోడ్డు మీదికి పంపేవి. గ్రాండ్, ఓరియంట్, తాజ్‌మహల్ హోటళ్లు భోజనానికి, చాయ్‌కి, కబుర్లకు పేరుపడ్డాయి. ఇంత జనం, ఇంత ఎండ, ఇంత మాంసాహారం ఒకచోట ఉన్నాక సోడా బండికి గిరాకీ వెతుక్కోవలసిన పని లేదు. తడి గోనెసంచి కప్పిన బుడ్లు, నిమ్మకాయల గుట్ట, ఉప్పు డబ్బా, నల్ల ఉప్పు, జీలకర్ర పొడి, ఒక ఐసు దిమ్మ ఉంటే బండి పూర్తయినట్టే. సాదా సోడా, ఉప్పు సోడా, నిమ్మ సోడా, మసాలా సోడా అన్నవే దాని జాబితా. నిమ్మ సోడాలో అడిగితేనే చక్కెర పడేది.

బిర్యానీ తిన్నాక సోడా తాగితే అరుగుతుందన్న నమ్మకం ఇక్కడ బలంగా పాతుకుపోయింది. శరీరంలో జరిగేది వేరు. కడుపులోకి చేరిన గ్యాసు వెచ్చబడి విడిపోయి, పైకి తేన్పుగా వస్తుంది. తేన్పుతో కడుపు బిగువు కాసేపు సడలినట్టుంటుంది, ఆ హాయినే జనం అరుగుదల అనుకుంటారు. మాంసకృత్తులను, కొవ్వును జీర్ణం చేసే రసాల పని దానితో వేగం పుంజుకోదు. పైపెచ్చు గ్యాసు కడుపును ఉబ్బించి, అన్నవాహిక చివర ఉండే బిగువును కొంచెం వదులు చేస్తుంది. గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు ఉన్నవారికి రాత్రి భోజనం మీద సోడా అందుకే పడదు. ఉప్పు సోడాలో రక్తపోటు ఉన్నవారు లెక్కపెట్టుకోవలసిన ఉప్పు ఉంటుంది. ఇవి తప్ప సాదా సోడా మీద వైద్యశాస్త్రానికి పెద్ద ఫిర్యాదు లేదు. గ్యాసు ఎముకలను కరిగిస్తుందన్న ప్రచారానికి ఆధారం లేదు. సాదా సోడా ఆమ్లగుణం పంటి ఎనామెల్‌కు కోలాలు చేసే హానితో పోలిస్తే స్వల్పం.

గోళీసోడాకు ఉన్న నిజమైన ప్రమాదాలు వేరు. సన్నటి మెడ, లోపల గోళీ ఉన్న సీసాను అడుగుదాకా కడగడం కష్టం. కొళాయి నీటిని వడకట్టకుండా నింపితే గ్యాసు ఒక్కటే దాన్ని శుభ్రం చేయలేదు. ఐసు ఏ నీటితో చేశారన్నది మరో ప్రశ్న. కలరా క్రిమి విషయంలో ఆమ్లం కొంత కాపు కాసినా, అన్ని క్రిములూ అంత సులభంగా లొంగవు. ఒత్తిడి ఎక్కువైన బుడ్డి పేలి కళ్లకు గాయాలైన కేసులను భారతీయ నేత్రవైద్యులు తమ పత్రికల్లో నమోదు చేశారు. అల్లర్ల రోజుల్లో ఆ మందపాటి గాజే విసిరే ఆయుధమైంది.

తీపి ఈ పానీయంలోకి మెల్లగా వచ్చింది. రంగు, చక్కెర పాకం కలిపిన సోడాలు 20వ శతాబ్ది మొదటి భాగంలో తెలుగు ప్రాంతమంతా కనిపించాయి. గోదావరి ప్రాంతంలోని రామచంద్రపురంలో 1919లో మొదలై తరువాత ఆర్టోస్ పేరుతో స్థిరపడిన పానీయం వాటిలో నేటికీ బతికి ఉన్నది. అయితే ఇవి ఊరికొక రుచిగా ఉండేవి. దేశమంతా ఒకే రుచి, ఒకే సీసా, ఒకే ప్రకటన అన్న పద్ధతి 1950లో కోకాకోలాతోను, 1952లో పార్లే వారి గోల్డ్‌స్పాట్‌తోను వచ్చింది. గోళీసోడా బండి మీద సామాన్యుడి పానీయంగా ఉండిపోతే, లోహపు మూత సీసా సినిమా విశ్రాంతి సమయానికి, హోటల్ బల్లకు, పెళ్లి విందుకు చేరి హోదా సంపాదించింది.

ఆ సీసాలో చక్కెర అప్పుడూ ఎక్కువే. అయినా దాని హాని పరిమితంగా ఉండడానికి ఒక బలమైన కారణం ఉంది, అది సీసా తిరిగి ఇచ్చే పద్ధతి. గాజు సీసా దుకాణదారుడిది. తాగేవాడు అక్కడే నిలబడి తాగి, ఖాళీ సీసా డబ్బాలో పెట్టి పోవాలి. ఇంటికి పట్టుకుపోవాలంటే సీసాకు బయానా కట్టాలి. కాబట్టి తాగడం ఒక చోటుకు, ఒక వేళకు, ఒక సీసాకు కట్టుబడి ఉండేది. 200 నుంచి 300 మిల్లీలీటర్ల మధ్య ఒక మోతాదు ఎవరూ చెప్పకుండానే అమలైంది. ఆ కట్టుబాటును వైద్యుడు గాని ప్రభుత్వం గాని పెట్టలేదు, గాజు ఖరీదే పెట్టింది. ఈ చరిత్రలో అన్నిటికంటే తక్కువగా గుర్తించిన విషయం బహుశా ఇదే.

విదేశీ కంపెనీలు తమ వాటాను తగ్గించుకోవాలన్న 1973 నాటి విదేశీ మారక ద్రవ్య చట్టం నిబంధనపై జనతా ప్రభుత్వంతో వివాదం వచ్చి, కోకాకోలా 1977లో దేశం విడిచిపోయింది. ఆ ఏడాదే రమేశ్ చౌహాన్ నాయకత్వంలోని పార్లే థమ్స్ అప్‌ను తెచ్చింది. ప్రభుత్వరంగంలోని మోడరన్ ఫుడ్స్ డబుల్ సెవెన్‌ను, ప్యూర్ డ్రింక్స్ క్యాంపా కోలాను అమ్మాయి. డబుల్ సెవెన్ నిలవలేదు. తెలుగు నేల మాత్రం థమ్స్ అప్‌ను తనదిగా చేసుకుంది. దాని ఘాటు కారం కూరలకు, బిర్యానీకి జోడీగా కుదిరింది. తరువాత చిరంజీవి, మహేశ్‌బాబు దానికి ప్రచారకర్తలయ్యారు.

ఆరోగ్యం పేరుతో కూల్‌డ్రింకుల మీద జరిగిన తొలి పెద్ద వివాదం చక్కెర గురించి కాదు. నారింజ, నిమ్మ రుచుల పానీయాలు మసక మసకగా, పండ్లరసంలా కనిపించడానికి బ్రోమిన్ కలిపిన వంటనూనెను వాడేవారు. ఆ బ్రోమిన్ శరీరంలోని కొవ్వులో పేరుకుపోతుంది. భారతదేశం దాన్ని 1990లో నిషేధించింది. అమెరికా అదే పని 2024లో చేసింది. ఈ విషయంలో మన నియంత్రణ మూడు దశాబ్దాలకు పైగా ముందుంది, ఆ గౌరవం దానికి దక్కాలి.

1990లో పెప్సీ, 1993లో తిరిగి కోకాకోలా వచ్చాయి. థమ్స్ అప్, లిమ్కా, గోల్డ్‌స్పాట్‌లను పార్లే కోకాకోలాకు అమ్మేసింది. తరువాతి పదేళ్లలో మూడు మార్పులు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ప్లాస్టిక్ సీసా వచ్చి, తిరిగి ఇవ్వాల్సిన అవసరాన్ని తీసేసింది. 200 మిల్లీలీటర్ల సీసా ఐదు రూపాయలకు దొరికింది, దాంతో పండగపూట తాగేది రోజువారీదైంది. అటు చివర రెండు లీటర్ల పైబడిన సీసా ఇంటి ఫ్రిజ్‌లోకి చేరింది. అబిడ్స్ దుకాణం ముందు నిలబడి తాగిన పానీయం ఇప్పుడు టీవీ ముందు, అర్ధరాత్రి, పిల్లల చేతికందేలా ఉంది. మొజంజాహీ మార్కెట్ చుట్టుపక్కల హోటళ్లు కుటుంబానికి సరిపడే బిర్యానీతో పాటు పెద్ద సీసాను కలిపి అమ్మడం మొదలుపెట్టాయి. 2023లో రిలయన్స్ తిరిగి తెచ్చిన క్యాంపా కోలా అమ్మకాలు మొదట ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే మొదలయ్యాయి. 200 మిల్లీలీటర్లకు పది రూపాయల ధర పెట్టి అది పోటీని మళ్లీ చౌకబేరం వైపు లాగింది.

ఈ మార్పు శరీరానికి ఏం చేస్తుందో అంకెల్లో చూడాలి. మామూలు కోలాలో 100 మిల్లీలీటర్లకు సుమారు 10.6 గ్రాముల చక్కెర ఉంటుంది. పాత 250 మిల్లీలీటర్ల గాజు సీసాలో అది 26 గ్రాములకు పైమాటే. రెండుంపావు లీటర్ల ప్లాస్టిక్ సీసాలో దాదాపు పావుకిలో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం ఇలాంటి చక్కెరల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తం శక్తిలో పది శాతం మించకూడదు, ఐదు శాతం లోపు ఉంటే మరీ మంచిది. ఐదు శాతమంటే పెద్దవారికి సుమారు 25 గ్రాములు. అంటే పాత చిన్న సీసా ఒక్కటే రోజు కోటాను నింపేస్తుంది.

ద్రవరూపంలో వచ్చిన చక్కెరకు మరో గుణం ఉంది. అది కడుపు నిండిన భావన ఇవ్వదు. కూల్‌డ్రింక్ తాగినవాడు ఆ మేరకు అన్నం తగ్గించుకోడు. చక్కెరలో సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. గ్లూకోజు వెంటనే రక్తంలో చేరి ఇన్సులిన్‌ను పరుగులు పెట్టిస్తుంది. ఫ్రక్టోజు భారం చాలావరకు కాలేయం మీద పడుతుంది. అది ఎక్కువైతే కాలేయం దాన్ని కొవ్వుగా మారుస్తుంది. మద్యం ముట్టనివారిలోనూ కాలేయానికి కొవ్వు పట్టడానికి ఇదొక దారి. ఆ ప్రక్రియలోనే యూరిక్ ఆమ్లం పెరుగుతుంది. రోజూ రెండు, అంతకంటే ఎక్కువసార్లు తీపి కూల్‌డ్రింకులు తాగే పురుషులకు గౌట్ వచ్చే ముప్పు 85 శాతం ఎక్కువని 2008లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. అమెరికాలో 91 వేల మంది నర్సులను ఎనిమిదేళ్లు గమనించి 2004లో ప్రచురించిన మరో అధ్యయనంలో, రోజుకు ఒకటో అంతకు మించో తాగిన స్త్రీలకు రెండో రకం మధుమేహం వచ్చే ముప్పు, నెలకు ఒకటి కూడా తాగనివారితో పోలిస్తే 83 శాతం ఎక్కువగా కనిపించింది. 184 దేశాల లెక్కలతో 2025లో వచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా 22 లక్షల కొత్త మధుమేహం కేసులు తీపి పానీయాల ఖాతాలోకి వస్తాయి.

పళ్ల సంగతి మరింత సూటిగా ఉంటుంది. ఎనామెల్ కరగడం మొదలయ్యే ఆమ్లస్థాయి పీహెచ్ సుమారు 5.5. కోలాల పీహెచ్ 2.5 దగ్గర ఉంటుంది. ఆ ఆమ్లం పంటిని నేరుగా అరగదీస్తుంది, చక్కెరను తిని నోటి క్రిములు విడిచే ఆమ్లం పుచ్చును తెస్తుంది. ఒక్కసారిగా తాగేసినదాని కంటే పెద్ద సీసా పక్కన పెట్టుకుని గంటల తరబడి గుటక గుటకగా తాగినది పంటికి ఎక్కువ చేటు, ఎందుకంటే లాలాజలానికి నోటిని మళ్లీ సరిచేసే వ్యవధి దొరకదు. గాజు సీసా రోజుల్లో ఈ అలవాటుకు వీలే లేదు.

ఎముకల విషయంలో 2006 నాటి అమెరికా పరిశోధన ఆసక్తికరం. రోజూ కోలా తాగే స్త్రీలలో తుంటి ఎముక సాంద్రత తక్కువగా ఉంది, కోలా కాని గ్యాసు పానీయాలు తాగేవారిలో ఆ తేడా కనిపించలేదు. అనుమానం ఫాస్ఫారిక్ ఆమ్లం మీదికి, కెఫీన్ మీదికి, పాలు మజ్జిగల చోటును కోలా ఆక్రమించడం మీదికి పోయింది. రోజుకు రెండో అంతకు మించో కోలాలు తాగేవారిలో మూత్రపిండాల జబ్బు ఎక్కువగా కనిపించిన అధ్యయనాలున్నాయి. రోజూ లీటర్ల లెక్కన తాగినవారిలో పొటాషియం పడిపోయి కండరాలు చచ్చుబడిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అవి అరుదు. మధుమేహం, ఊబకాయం, పుచ్చుపళ్లు అరుదు కావు.

ఇంత ఉన్నా మన దేశంలో కూల్‌డ్రింకుల మీద అతి పెద్ద గొడవ పురుగుమందుల గురించి జరిగింది. 2003 ఆగస్టులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 12 రకాల పానీయాల్లో పురుగుమందుల అవశేషాలున్నాయని ప్రకటించింది. శరద్ పవార్ అధ్యక్షతన సంయుక్త పార్లమెంటరీ సంఘం వేశారు. 2004లో వచ్చిన దాని నివేదిక ఆ ఫలితాలను సమర్థించింది. నీటి శుద్ధి ప్రమాణాలు బిగుసుకోవడానికి ఆ పోరాటం తోడ్పడింది, అది అవసరమైన పోరాటమే. కాని దాని నీడలో చక్కెర దాక్కుంది. పురుగుమందు లేదని తేలితే పానీయం మంచిదేనన్న భావన జనంలో మిగిలింది. చట్టానికి లోబడి, లేబుల్ మీద నిజాయితీగా రాసి ఉన్న పదార్థమే ఎక్కువ హాని చేస్తున్నదన్న మాట చర్చలోకి రావడానికి మరో పదేళ్లు పట్టింది.

ఆ మాట చెప్పిన సంస్థల్లో ముఖ్యమైనది హైదరాబాదులోనే ఉంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి పరిశోధనకు మొదలుపెట్టిన చిన్న విభాగం 1958లో హైదరాబాదుకు, తార్నాక దగ్గరి ప్రాంగణానికి మారింది. అదే నేటి జాతీయ పోషకాహార సంస్థ. ఏం దొరక్క జనం జబ్బుపడుతున్నారో కనుక్కోవడానికి పుట్టిన సంస్థ ఇప్పుడు ఏం ఎక్కువై జబ్బుపడుతున్నారో కూడా చెప్పవలసి వచ్చింది. 2024 మే నెలలో అది విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు చక్కెర మొత్తం శక్తిలో ఐదు శాతం లోపే ఉండాలని చెప్పాయి. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని, పెద్దవారిలో అది 11.4 శాతమని లెక్కగట్టింది. ఇదంతా కూల్‌డ్రింకుల వల్లే అనడం తప్పు. తెల్లబియ్యం, కదలిక లేని ఉద్యోగాలు, వంశం అన్నీ ఉన్నాయి. అయితే తేలిగ్గా మానగలిగినది, మానినందువల్ల ఏ పోషకమూ పోనిది వీటిలో కూల్‌డ్రింకే.

చక్కెర లేని డైట్ పానీయాలు దీనికి సగం సమాధానమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో, బరువు అదుపు కోసం కృత్రిమ తీపి పదార్థాల మీద ఆధారపడవద్దని సూచించింది. పంటిని తాకే ఆమ్లం వాటిలోనూ ఉంటుంది. పిల్లల విషయంలో మన దేశ ఆహార భద్రతా సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) 2020లో చేసిన నిబంధనలు చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువున్న పదార్థాలను బడి ఆవరణలోను, గేటు నుంచి 50 మీటర్ల లోపలా అమ్మకుండా ఆపాయి. ఇరుకు వీధుల్లో పక్క పక్కనే బడులు, కిరాణాలు ఉండే అబిడ్స్ లాంటి చోట ఆ 50 మీటర్లు కొలిచి అమలు చేయడం తేలిక కాదు.

హైదరాబాదు నుంచే మొదలైన మరో పోరాటం ఈ చరిత్రలో చేరవలసి ఉంది. విరేచనాలైన పిల్లలకు కూల్‌డ్రింకో, తీపి పానీయమో పట్టడం మన ఇళ్లలో మామూలు. అది ప్రాణాంతకం కావచ్చు. వాళ్లకు పట్టవలసిన ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓఆర్ఎస్ ద్రావణంలో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు, దానికి తగిన లవణాలు ఉంటాయి. ఆ పాళ్లలో ఉంటేనే పేగు నీటిని లోపలికి పీల్చుకుంటుంది. చక్కెర అంతకు ఎన్నో రెట్లు ఉంటే నీరు శరీరంలోంచి పేగులోకి లాగబడి విరేచనాలు పెరుగుతాయి. ఓఆర్ఎస్ అన్న అక్షరాలతో డబ్బాల్లో అమ్ముతున్న తీపి పానీయాల మీద హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు, తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2025 అక్టోబరు 14న ఆహార భద్రతా సంస్థ, ఆ సూత్రానికి సరిపోని ఏ పానీయమూ ఆ అక్షరాలను వాడరాదని ఆదేశించింది. నాంపల్లి పక్కనే రెడ్‌హిల్స్‌లో ఉన్న నీలోఫర్ ఆసుపత్రికి విరేచనాలతో వచ్చే పసిపిల్లల తల్లులకు ఇంతకంటే పనికొచ్చే ఆదేశం ఈ మధ్య రాలేదు.

పన్నుల్లో కూడా గ్యాసుకు, తీపికి మధ్య గీత ఇటీవలే స్పష్టమైంది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు తీపి గ్యాసు పానీయాల మీద 28 శాతం పన్ను, 12 శాతం సెస్సు పడ్డాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి రెండూ కలిసి 40 శాతం పన్ను అయ్యాయి. అదే రోజు నుంచి తీపి, రుచి కలపని సోడానీటి మీద పన్ను 18 నుంచి 5 శాతానికి దిగింది. అయితే చక్కెర ఎంత ఉన్నా పన్ను ఒకటే కావడం వల్ల, బ్రిటన్‌లో 2018 లెవీ తరువాత జరిగినట్టు కంపెనీలు చక్కెర తగ్గించడానికి ఇక్కడ ప్రోత్సాహం లేదు.

గోళీసోడా మాత్రం మళ్లీ వెలుగులోకి వచ్చింది. 2025లో కేంద్ర ఎగుమతుల సంస్థ అపెడా దాన్ని గల్ఫ్, బ్రిటన్, అమెరికా మార్కెట్లకు పరిచయం చేసింది. నగరంలో పాత బండి చోట రంగురంగుల సీసాల దుకాణాలు వెలుస్తున్నాయి. బ్లూబెర్రీ, పచ్చిమామిడి, జామ, నన్నారి అంటూ రుచులు పెరిగాయి. వీటిలో చాలావాటికి రుచినిచ్చేది చక్కెర పాకమే. పది, అంతకు మించిన శాఖలున్న హోటళ్లు కేలరీల లెక్క చూపాలన్న నిబంధన విడి బండ్లకు వర్తించదు. మధుమేహం ఉన్నవారు అక్కడ సాదా సోడానో, చక్కెర లేని నిమ్మ సోడానో అడిగి కలిపించుకోవచ్చు. నిమ్మ, ఉప్పు, జీలకర్రతో కలిపే ఆ పాత పద్ధతి తెలిసిన బండివాళ్లు మొజంజాహీ మార్కెట్ దగ్గరా, నాంపల్లి స్టేషను రోడ్డు మీదా ఇంకా ఉన్నారు.